అప్‌డేట్: జెన్నారో అనే పేరు గురించి

మా అమ్మాయి అత్తవారిది ఇటలీలోని నేపుల్స్ నగరం. పుట్టబోయే మనవడికి వారు ఎంచిన జెన్నారో అనే పేరుకు అర్థమేమిటని గత నెలలో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ నా కృతజ్ఞతలు.

జనవరి నెలకు పేరిచ్చిన రోమన్ ద్వారదేవత జానస్ నుండి ఈ పేరు వచ్చిందని ఒకరు రాసినది సరైనదే. అయితే నేపుల్స్‌వారు ఈ పేరు పెట్టేటప్పుడు తలచుకునేది ఆ నెలను కాదు, నగర రక్షకుడిగా కొలిచే క్రైస్తవ పునీతుడు సాన్ జెన్నారోను. ఆయన బెనెవెంతో పట్టణానికి బిషప్‌గా ఉండి, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో, సంప్రదాయం ప్రకారం 305లో, నేపుల్స్ దగ్గరి పొట్సువోలి వద్ద శిరచ్ఛేదానికి గురయ్యారు. ఆయనదని నమ్మే గడ్డకట్టిన రక్తాన్ని గాజు పాత్రలో భద్రపరచి, మే మొదటి ఆదివారానికి ముందటి శనివారం, సెప్టెంబరు 19, డిసెంబరు 16 తేదీలలో కేథడ్రల్‌లో భక్తులకు చూపుతారు. అది కరిగితే శుభమని, కరగకపోతే కీడని అక్కడి ప్రజల విశ్వాసం. వీటిలో డిసెంబరు తేదీ, 1631లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు నగరం ప్రమాదం నుండి బయటపడిన సందర్భానికి గుర్తు. వలస వెళ్లినవారు 1926 నుండి న్యూయార్క్‌లోనూ సాన్ జెన్నారో పేరిట ఉత్సవం జరుపుతున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించినది వేరొకటి. దక్షిణ ఇటలీలో మొదటి కొడుకుకు తండ్రి తండ్రి పేరు పెట్టడం పాత ఆచారమట. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకోవడం వంటిదే ఇది. మా వియ్యంకుడి పేరు జెన్నారో. పేరు ఖాయమైంది, నకారాన్ని ఒత్తి పలకడం మేము నేర్చుకుంటున్నాము.