టాల్ యూనిట్‌లో బిల్ట్-ఇన్ ఫ్రిజ్: గూడు కొలతలు, గాలి దారి ఎలా ఉండాలి?

అడిగినవారు: కొత్తవంటిల్లు

టాల్ యూనిట్ (వంటింట్లో నిలువుగా ఉండే పొడవాటి అల్మారా) పని మొదలవబోతోంది. పైన ఫ్రిజ్, కింద ఫ్రీజర్ ఉండే 178 సెం.మీ. బిల్ట్-ఇన్ మోడల్ అందులో కూర్చోవాలి. యూనిట్ బయటి వెడల్పు 600 మి.మీ., పక్క పలకలు 18 మి.మీ. ప్లైవుడ్, రెండు వైపులా మైకా. వెనక బ్యాక్ ప్యానెల్ కొట్టి, పైన లాఫ్ట్‌ని సీలింగ్ దాకా మూసేయాలని ప్లాన్. సాకెట్ ఫ్రిజ్ వెనక గోడలోనే వస్తుందట. ఇందులో ఏం మార్చాలి? షట్టర్లకు (యూనిట్ తలుపులకు) ముందు గాజు వేయించవచ్చా?

చెక్కపని

ముందు వెడల్పు సంగతి. ఈ తరహా ఫ్రిజ్‌లకు గూడు లోపలి వెడల్పు కనీసం 560 మి.మీ. కావాలి. మీ లెక్క వేయండి: 18 మి.మీ. ప్లై, రెండు వైపులా 0.8 మైకా కలిపితే పలక మందం 19.6. రెండు పలకలకు 39.2 పోతే మిగిలేది 560.8. జిగురు పొర, పలకలో కాస్త వంపు కలిసేసరికి ఫ్రిజ్ సగం దాకా వెళ్లి ఇరుక్కుంటుంది. లోపలి వైపు మైకా మానేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ ఒకవైపే మైకా వేసిన పలక వంగుతుంది. బయటి వెడల్పునే 604 చేయించండి. లోపలి వెడల్పు మాత్రం 570 దాటనివ్వకండి, దాటితే పక్క సందుని మూసే పట్టీ చాలదు.

కొలత ఒక్కచోట తీసి వదిలేయొద్దు. కింద, మధ్యలో, పైన మూడుచోట్ల తీసి అన్నిటికంటే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోండి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి, తేడా 2 మి.మీ. దాటితే గూడు వంకరగా ఉన్నట్టే. తర్వాత షట్టర్లు ఎంత సర్దినా సందులు సమానంగా రావు. లోతు కనీసం 550, వీలైతే 560. ఎత్తు మాత్రం మీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన గూడు ఎత్తునే పెట్టండి. 178 అన్నది మోడల్ సైజు పేరు, దాన్నే కచ్చితమైన కొలత అనుకుని పలక కోయకండి.

ఫ్రిజ్ కూర్చునే అడుగు పలక పక్కల స్క్రూల మీద వేలాడకూడదు. ఖాళీ ఫ్రిజ్ బరువే 60 కిలోలు దాటవచ్చు, సామాను అదనం. పలక కింద నాలుగు మూలలతో పాటు మధ్యలోనూ కాళ్లు ఉండాలి. రసమట్టం పెట్టి పొడవుగా, అడ్డంగా రెండువైపులా చూసుకుని, యూనిట్‌ని గోడకు బిగించాకే ఫ్రిజ్ ఎక్కించాలి. లేకపోతే బరువైన తలుపులు తెరిచినప్పుడు యూనిట్ ముందుకు తూలుతుంది.

గాలిదారి

మీ ప్లాన్‌లో అసలు ప్రమాదం వెడల్పు కాదు, బ్యాక్ ప్యానెలూ సీలింగ్ దాకా మూసిన లాఫ్టూ. వెడల్పు తప్పితే బిగించే రోజే తెలిసిపోతుంది. గాలి దారి తప్పితే ఎండలు ముదిరాక గానీ తెలియదు.

ఫ్రిజ్ లోపలినుంచి తీసిన వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బిల్ట్-ఇన్‌లో రెండు పక్కలా చెక్కే కాబట్టి ప్లింత్ (యూనిట్ అడుగున నేలను ఆనుకుని ఉండే భాగం) దగ్గర చల్లగాలి లోపలికి వచ్చి, ఫ్రిజ్ వీపు వెంట వేడెక్కి, పైనుంచి బయటకు పోవాలి. పొగగొట్టం పనిచేసినట్టే. కింద 200 చదరపు సెం.మీ., పైన 200 చదరపు సెం.మీ. ఖాళీ ఉండాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి. అంటే 500 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు ఉన్న సందు. అదే కొలత మధ్యలో కూడా తగ్గకూడదు. అందుకే గూడుకి బ్యాక్ ప్యానెల్ వద్దు, అడుగు పలకా పై పలకా వెనక గోడకు 40-50 మి.మీ. ఇవతలే ఆగిపోవాలి.

గ్రిల్ దగ్గరే చాలామంది పొరపడతారు. 200 అన్నది రంధ్రాల మొత్తం, గ్రిల్ సైజు కాదు. గ్రిల్‌లో 60 శాతమే ఖాళీ ఉంటే 200 ÷ 0.6, అంటే సుమారు 333 చదరపు సెం.మీ. గ్రిల్ కావాలి. దోమల జాలీ కూడా తగిలిస్తే ఖాళీ ఇంకా తగ్గుతుంది, జాలీ దుమ్ముతో పూడుకుపోతుంది కూడా.

లాఫ్ట్ సీలింగ్ దాకా ఉండాల్సిందేనంటే ఉంచండి. కానీ లాఫ్ట్ లోపల వెనకవైపు నిలువు పలక వేసి గాలికి వేరే దారి వదలండి, పైన ముందువైపు గ్రిల్ గుండా బయటకు తీయండి. ఆ పలక లేకపోతే లాఫ్ట్‌లో పెట్టిన డబ్బాలే ఒకనాటికి దారికి అడ్డం పడతాయి. వేడి ఫాల్స్ సీలింగ్ లోపలే నిలిచిపోయేలా వదిలేస్తే మాత్రం పైన ఖాళీ ఇచ్చినా ఇవ్వనట్టే.

దారి మూసుకుంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. కరెంటు వాడకం పెరుగుతుంది. క్లైమేట్ క్లాస్ (ఎంత గది వేడిలో ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తుందో చెప్పే గుర్తు) కూడా చూడండి: ఎన్ అంటే గది వేడి 16 నుంచి 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ అంటే 38 దాకా, టీ అంటే 43 దాకా. వేడి ప్రాంతమైతే టీ ఉన్నదే తీసుకోవాలి.

చెక్కపని

ఒక్క సవరణ. కొన్ని మోడళ్లు లోపలి ఫ్యాన్‌తో ప్లింత్ నుంచే గాలి పీల్చి ప్లింత్ నుంచే వదులుతాయి. వాటికి పైన గ్రిల్ అక్కర్లేదు, ప్లింత్‌ని మాత్రం అసలు మూయకూడదు. పలక కోసేముందు మాన్యువల్‌లో గాలి ఎటు వచ్చి ఎటు పోతుందో చూపే బొమ్మ చూడండి.

కొత్తవంటిల్లు

చాలా ఉపయోగపడిందండీ. వెడల్పు 604 చేయిస్తాను, బ్యాక్ ప్యానెల్ తీసేస్తాను. షట్టర్లు, సాకెట్ సంగతి కూడా చెప్పండి. ఇంకో చోట విడి ఫ్రిజ్, విడి ఫ్రీజర్ పక్కపక్కన పెట్టే ఆలోచన కూడా ఉంది.

షట్టర్_సందు

ముందు మీ మోడల్ తలుపు ఏ రకమో తేల్చుకోండి. ఒక రకంలో షట్టర్‌కి యూనిట్ వైపు హింజ్‌లు ఉండవు, నేరుగా ఫ్రిజ్ తలుపుకే బిగిస్తారు. రెండో రకంలో షట్టర్‌కి సొంత హింజ్‌లు ఉంటాయి, ఫ్రిజ్ తలుపుకి ఒక స్లైడర్ పట్టాతో జతవుతుంది. మొదటి రకంలో షట్టర్ బరువంతా ఫ్రిజ్ హింజ్‌ల మీదే పడుతుంది కాబట్టి మాన్యువల్‌లో ఇచ్చిన బరువు పరిమితి దాటకూడదు. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) చదరపు మీటరుకు 13-14 కిలోలు, 4 మి.మీ. గాజు మరో 10 కిలోలు. గాజు వేస్తే బరువు ముప్పావు వంతు పెరుగుతుందన్నమాట. పరిమితి దాటితే తలుపు మెల్లగా కిందికి జారుతుంది, గాస్కెట్ (ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) పైమూలలో విడుతుంది, అక్కడినుంచి తేమగాలి దూరి ఫ్రీజర్‌లో మంచు గడ్డకడుతుంది. నా మాట అడిగితే గాజు వద్దు.

రెండు షట్టర్ల మధ్య గీత ఎక్కడ రావాలో ఫ్రిజ్ తలుపుల మధ్య సందే నిర్ణయిస్తుంది. పక్క డ్రాయర్ల గీతతో కలపాలని దాన్ని పైకో కిందికో జరిపితే తలుపులు ఒకదానికొకటి తగులుతాయి. కలపాలనుకుంటే డ్రాయర్ల కొలతే మార్చండి.

షట్టర్ యూనిట్ అంచుకి తగలకముందే గాస్కెట్ అతుక్కోవాలి. షట్టర్ వెనక రబ్బరు బొత్తాలు అంటించే అలవాటు మేస్త్రులకు ఉంటుంది, అవి ముందుగా ఆనుకుంటే ఫ్రిజ్ పూర్తిగా మూసుకోదు. యూనిట్‌కి, షట్టర్‌కి మధ్య మాన్యువల్ చెప్పిన సందు వదలండి. ఫ్రిజ్‌ని హింజ్‌ల వైపు పలకకు ఆనించి బిగించి, మిగిలిన సందుని పిడి వైపు పట్టీతో మూయండి. బిగించాక గాస్కెట్ చుట్టూ కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగి చూడండి. తేలిగ్గా జారి వచ్చేచోట షట్టర్ సర్దాలి.

సాకెట్ ఫ్రిజ్ వెనక వద్దు. ప్లగ్ తీయాలంటే ఫ్రిజ్ మొత్తం బయటకు లాగాల్సి వస్తుంది, పైగా ప్లగ్ మందానికి ఫ్రిజ్ వెనక్కి పూర్తిగా వెళ్లదు. పక్క క్యాబినెట్‌లోనో లాఫ్ట్‌లోనో చేతికి అందేచోట పెట్టించి, వైరు పొడవు ముందే చూసుకోండి.

పక్కపక్కన పెట్టే జతకు రెండు విడి గూళ్లు, మధ్యలో పలక, దేనికి దానికి గాలి దారి ఉండాలి. పలక లేకుండా ఒకే గూట్లో ఆనించి పెట్టాలంటే, ఫ్రిజ్ పక్క గోడలో తేమ పట్టకుండా హీటర్ ఉన్న మోడల్ అని కంపెనీయే చెప్పి ఉండాలి. లేకపోతే చల్లబడ్డ గోడ మీద నీరు చేరి చెక్క ఉబ్బుతుంది.

ఇంకొకటి, లోపలికి తెచ్చేటప్పుడు ఫ్రిజ్‌ని పడుకోబెట్టి ఉంటే, మాన్యువల్ చెప్పినన్ని గంటలు నిలబెట్టాకే ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ నూనె తిరిగి కిందికి దిగాలి.