టీబీ మందులు అత్తగారింట్లో ఎలా వాడుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక పిల్ల:
మా చెల్లికి మెడ దగ్గర గడ్డలు లేచాయి. సూదితో తీసి పరీక్ష చేసి టీబీ అన్నారు. పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు బయటపడింది కాబట్టి ఆ నెలంతా అమ్మే దగ్గరుండి మందులు వేయించింది. శ్రావణం రాగానే అత్తగారింటికి వెళ్లిపోయింది. మా మరిదికి విషయం తెలుసు, మనిషి మంచివాడే, కానీ "అమ్మకు మాత్రం తెలియకూడదు" అంటాడు. మాత్రల షీట్లు శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్లో దాచుకుంటోంది, అత్తగారు దాన్ని ముట్టుకోరని. పరగడుపున మూడు మాత్రలు మింగాలి. అత్తగారు ముందే లేచి వంటింట్లో ఉంటే ఆ పూట ఎగ్గొడుతోందట. నాకు అదే టెన్షన్. ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

రావిచెట్టు అరుగు:
ముందు ఇంట్లో చెప్పమనండి. రోగం దాచిపెట్టి అందరితో కలిసి ఉంటే వాళ్లకు అంటుకోదా? రేపు తెలిస్తే మోసం చేశారనే అంటారు.

గోదావరి ఏఎన్‌ఎం:
ఊపిరితిత్తుల్లో లేకుండా ఒక్క మెడ గడ్డలకే ఉంటే అది ఎవరికీ అంటుకోదండీ. ఎక్స్‌రే తీశారో లేదో కనుక్కోండి. ఊపిరితిత్తుల టీబీ అయితే మాత్రం సంగతి వేరు. ఇంట్లో అందరినీ చూడాలి, జబ్బు లేదని తేలినవాళ్లకు రాకుండా మందు ఇస్తాం, అయిదేళ్లలోపు పిల్లలుంటే మరీ ముఖ్యం. అప్పుడు దాపరికం పనికిరాదు.

మీ చెల్లి విషయంలో నన్ను భయపెడుతున్నది పూటలు ఎగ్గొట్టడం. మామూలు టీబీకి 6 నెలలు వాడాలి, మొదటి 2 నెలలు నాలుగు రకాల మందు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. వేస్తూ మానేస్తూ ఉంటే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. పొద్దున కుదరకపోతే వేళ మార్చుకోవచ్చేమో డాక్టర్ని అడగమనండి. తిన్న రెండు గంటలకు, అత్తగారు కునుకు తీసే వేళ అనుకోండి, ఏ గొడవా ఉండదు.

ఇంకొకటి, మాలాంటివాళ్లం కూడా చెప్పడం మర్చిపోయేది. ఈ మందుల్లో ఒకదాని వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు. అదే మందు గర్భనిరోధక మాత్రల పనితనం తగ్గిస్తుంది. ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే నిరోధ్, కాపర్‌టీ లాంటివి చూసుకోవాలి. కొత్త కోడలు ఈ మాట ఎవరినీ అడగలేదు కదా, అందుకే అడక్కుండా చెబుతున్నా.

ఇందూరు ఆడబిడ్డ:
మాది ఆర్మూర్ దిక్కు. మా అమ్మ బీడీలు చేసేది. దగ్గితే తంబాకు దుమ్ము అనేవాళ్లు అందరూ, తనూ అదే అనుకునేది. ఒళ్లో చాట పెట్టుకుంటే పొద్దుగూకే దాకా లేచేది కాదు. ఆస్పత్రికి పోతే ఆ రోజు బీడీలు పోయినట్టే, కార్ఖానాలో లెక్క తక్కువ పడుతుంది. దగ్గు మందు సీసాలు తాగుకుంటూ నెట్టుకొచ్చి, కళ్లెలో రక్తం పడ్డాకే కదిలింది.

టీబీ అని తేలాక కార్ఖానాలో చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. తెలిస్తే ఆకు, తంబాకు ఇవ్వరని భయం. ఆశక్క ఇంటికి వస్తే వాడకట్టంతా చూస్తుందని, కాలేజీ నుంచి వచ్చేటప్పుడు నేనే వాళ్లింటికి పోయి మందులు తెచ్చేదాన్ని.

మా నాయనకు ఇదే జబ్బు వచ్చినప్పుడు అమ్మ రోజూ గుడ్డు ఉడకబెట్టి ఎదురుగా కూర్చుని తినిపించింది. తన వంతు వచ్చేసరికి ఆ గుడ్డు తమ్ముడి కంచంలో వేసేది. నేను పోట్లాడితే "నాకు సయించదే" అనేది. ఆ మాటకు ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

చీరాల కోడలు:
నాది ఊపిరితిత్తులదే, అత్తగారింట్లో అందరికీ తెలుసు. తెలిస్తే అన్నీ చక్కబడతాయనుకోకండి. నా గ్లాసుకీ కంచానికీ అడుగున నెయిల్‌పాలిష్ చుక్క పెట్టారు. ఎంగిలి గ్లాసుతో టీబీ రాదు, గాలితో వస్తుంది. గాలి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. నా దగ్గు పక్కింటికి వినపడుతుందని నేను పడుకునే గది కిటికీలు మూసేవారు! తెరవాల్సినవి అవే కదా.

మా ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్న రోజులవి. ఇంట్లో టీబీ ఉందని పొక్కితే ఆ పిల్ల పెళ్లి ఆగిపోతుందని వాళ్ల బాధ. అత్తగారిని తిట్టుకున్నాను కానీ అది ఉత్తుత్తి భయమైతే కాదు.

మానేరు:
డబ్బుల మెసేజ్‌తో జాగ్రత్త. పోషకాహారానికని 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. నిక్షయ్ పోషణ్ యోజన అంటారు. డబ్బు ఆమె ఖాతాలోకే పడుతుంది. ఆ ఖాతాకు ఏ ఫోన్ నంబర్ ఉందో చూసుకోండి. మా వదినది మామగారి నంబర్. మెసేజ్ ఆయన చదివాడు, ఆ సాయంత్రమే ఇంట్లో పంచాయితీ.

కృష్ణలంక పిల్ల:
అయ్యో, ఇది నాకు తట్టనేలేదు. ఫోన్ మరిదిది ఇచ్చినట్టున్నారు, కనుక్కుంటాను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. మందులు మా ఊళ్లో కాకుండా వాళ్ల ఊరి దగ్గర తీసుకోవచ్చా?

గోదావరి ఏఎన్‌ఎం:
తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆమె పేరు వేరే కేంద్రానికి మారుస్తారు, మళ్లీ మొదటి నుంచి పరీక్షలు అక్కర్లేదు. ఆ ఊరి పీహెచ్‌సీలో చుట్టాలెవరైనా పనిచేస్తుంటే పక్క మండలం కేంద్రం అడగండి. 1800-11-6666కు ఫోన్ చేసినా చెబుతారు, ఉచితం. మరిదిగారిని వెంట రమ్మనండి. మొగుడు పక్కన ఉంటే సగం ప్రశ్నలు ఎవరూ అడగరు, మన దగ్గర అంతే మరి.

బాలింత అక్క:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా చెల్లెలికి మూడో నెల బాబు. టీబీ అనగానే పాలు మాన్పించి బాబుని వాళ్ల అత్తగారు తీసుకెళ్లిపోయారు. పిల్ల ఏడుస్తూ కూర్చుంది.

గోదావరి ఏఎన్‌ఎం:
పాలతో టీబీ రాదు, ఈ మందులు వాడుతూ పాలివ్వవచ్చు. ఊపిరితిత్తుల టీబీ అయితే మాస్క్ కట్టుకుని ఇవ్వాలి. బాబుని పిల్లల డాక్టర్‌కు చూపించండి, రాకుండా వాడే మందు రాస్తారు. అత్తగారికి నా మాట, మీ మాట ఎక్కవు. డాక్టర్ నోటితో చెప్పించండి, ఆవిడని కూడా తీసుకెళ్లి.

చీరాల కోడలు:
కళ్లె పరీక్షకు వెళ్లేవాళ్లకు ఒక మాట. వరండాలో మగవాళ్ల ముందు కాండ్రించి ఉమ్మడానికి సిగ్గేసి నేను మొదటిసారి ఉత్త ఉమ్మి ఇచ్చి వచ్చాను, రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. డబ్బా ఇంటికి అడిగి తెచ్చుకోండి. పొద్దున్నే లేచి నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని లోపలి నుంచి దగ్గి తీయండి, డాబా మీదో పెరట్లోనో.