పర్లాకిమిడిలో పై దినోత్సవం: మార్చి 14నా, జూలై 22నా?

మహేంద్రతనయ:
ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా తెలుగు పిల్లలు, అరవై మంది. వాళ్లతో ఒక పూట పై (π, అంటే వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14...) దినోత్సవం చెయ్యాలి. ఉపన్యాసాలు వద్దు, చేత్తో చేసేవి చెప్పండి. ఖర్చు తక్కువలో అయిపోవాలి. ఏ తారీఖు మంచిది? పిల్లలు చేతి గాజు చుట్టు కొలిచి, వ్యాసంతో భాగించి, 2.87 వచ్చిందంటే ఏం చెప్పాలి?

గుణుపురం లెక్కలు:
జూలై 22 పెట్టండి మాస్టారూ. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి మార్చి 14 వాళ్లకి 3/14. 1988లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో లారీ షా ఈ పండగ మొదలుపెట్టారు. 2019లో యునెస్కో అదే రోజుని అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది. మనం రాసేది 14/3, అందులో పై ఎక్కడుంది? 22/7 అయితే మన రాతలోనే ఉంది. మార్చిలో పరీక్షల హడావిడి కూడానూ. జూలైలో వాన తప్పదు, అన్నీ వసారాలోనే పెట్టుకోండి.

బోర్డు మీద మాత్రం 22/7 = పై అని రాయొద్దు, అది తప్పు. 22/7 అంటే 3.142857..., పై 3.14159... ఆర్యభటుడు 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత చెప్పాడు. అంటే 3.1416, ఇంకా దగ్గర. మూడూ ఒకదాని కింద ఒకటి రాయించండి.

కొలబద్ద:
2.87 రావడానికి కారణం గాజు సైజు. 2.6 గాజు అంటే రెండు అంగుళాలూ ఇంకో 6/16, అంటే 2.375 అంగుళాలు, 60.3 మి.మీ. లోపలి వ్యాసం. దాన్ని దశాంశం అనుకుంటే 66 మి.మీ. అయిపోతుంది. లోపలి చుట్టు 189.5ని 66తో భాగిస్తే 2.87. పిల్లలు చుట్టు సరిగ్గానే కొలిచారు, భాగించిన అంకె తప్పు. ఇంకో రకం తప్పు, చుట్టు బయట కొలిచి వ్యాసం లోపల తీసుకోవడం. గాజు మందం 2 మి.మీ. ఉంటే 3.35 వస్తుంది.

దారం వాడకండి, సాగుతుంది. సన్నటి కాగితం పట్టీ బిగించి చుట్టి, రెండు పొరలు కలిసిన చోట గుండుసూదితో గుచ్చండి. విప్పి రెండు చిల్లుల మధ్య దూరం కొలవండి. అయినా 6 సెం.మీ. వస్తువుకి వ్యాసంలో ఒక్క మి.మీ. తేడా వచ్చినా జవాబు 3.09కో 3.19కో పోతుంది. 70 సెం.మీ. సైకిలు చక్రానికి అదే మి.మీ. తప్పు 0.005 కూడా కాదు. టైరు మీద సుద్దతో గీత పెట్టి, ఐదు చుట్లు దొర్లించి, దూరాన్ని ఐదుతో భాగించండి. వ్యాసం రిమ్ముది కాదు, టైరుతో కలిపి. సైకిలు మీద ఎవరూ కూర్చోకూడదు: బరువుకి టైరు అణిగి, చుట్టుకి వెళ్లే దూరం తగ్గిపోతుంది.

చీపురుపుల్ల:
నా ఓటు బఫన్ ప్రయోగానికి, అంటే గీతల మీద పుల్లలు వేసి పై కనుక్కోవడానికి. కొబ్బరి చీపురుపుల్లల్ని 5 సెం.మీ. ముక్కలు చెయ్యండి. గచ్చు మీద సుద్దతో 10 సెం.మీ. ఎడంగా గీతలు గియ్యండి. పుల్లలు విడివిడిగా, నడుము ఎత్తు నుంచి, తిప్పుతూ వదలాలి. గీతల ఎడం పుల్ల పొడవుకి సరిగ్గా రెట్టింపు కాబట్టి, వేసిన పుల్లల సంఖ్యని గీత దాటినవాటితో భాగిస్తే పై. సుద్దగీత లావుగా ఉంటుంది, తాకిందా లేదా అని పిల్లలు కొట్టుకుంటారు. గీతకి ఒక అంచునే లెక్కలోకి తీసుకుంటామని ముందే చెప్పండి.

ఒక్కొక్కరు 40 వేస్తే జవాబు 2.5 నుంచి 4 దాకా ఎక్కడైనా పడుతుంది. అరవై మందివీ కలిపితే 2,400. అందులో దాదాపు 764 దాటాలి. 3.05, 3.24 మధ్య వస్తే బాగా వచ్చినట్టే. అంకెలు సర్దనివ్వకండి, ఈ ప్రయోగానికి ప్రాణం అదే.

గుణుపురం లెక్కలు:
అలంకరణకి పై అంకెల వరసలో రంగు కాగితాల గొలుసు, అంకెకో రంగు. 50 దశాంశ స్థానాల దాకా అయితే ముందున్న 3తో కలిపి మూళ్లు 9, తొమ్మిదులు 8, సున్నాలు రెండే. ఆ లెక్కన కాగితం కొనండి. మొదటి సున్నా 32వ స్థానంలో గానీ రాదు, గొలుసు పొట్టిదైతే తొమ్మిది రంగులు చాలు.

మహేంద్రతనయ:
జూలై 22 ఖాయం. చీపురుపుల్లలు వంకరగా ఉంటే?

చీపురుపుల్ల:
ఫరవాలేదండి. వంపు వెంబడి 5 సెం.మీ. ఉంటే చాలు. వంకర పుల్ల ఒకే గీతని రెండు చోట్ల దాటితే రెండుగా లెక్కపెట్టండి. సగటు మారదు.