ఎక్స్‌పోర్ట్ పెడితే స్క్రీన్ నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ క్రాష్, ఏ వెర్షన్ వేసినా అంతే

పెళ్లివీడియో_తెనాలి:
అందరికీ నమస్తే. నేను పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేస్తాను. నాది 6 జీబీ గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, విండోస్ 11. టైమ్‌లైన్ మీద కట్ చేసుకుంటున్నంతసేపు ఏ గొడవా లేదు. ఎక్స్‌పోర్ట్ పెట్టిన కాసేపటికి మాత్రం స్క్రీన్ నల్లబడి, రెండు మూడు సెకన్లకి తిరిగొస్తుంది, ఆలోపు సాఫ్ట్‌వేర్ మూసుకుపోయి ఉంటుంది. ఒక్కోసారి నేరుగా నీలం స్క్రీన్, దాని మీద వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని. విండోస్ తనలో జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే 4101 నంబర్‌తో, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగిపోయి మళ్లీ కోలుకుంది అని ఉంటోంది. డ్రైవర్ అంటే కార్డుని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్ కదా, కొత్తది వేశా, పాతది వేశా, తేడా లేదు. విజయవాడలో ఒక షాపులో చూపిస్తే చిప్ పోయింది, బోర్డు మార్చాలి, లేదంటే హీట్ గన్ కొట్టి చూస్తానన్నాడు. ముహూర్తాలు నడుస్తున్నాయి, పెళ్లివారి దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇంకోటి, ఛార్జర్ ఈమధ్యే మార్చాను, పాతది వైరు తెగింది. దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా, చెప్పి ఉంచుతున్నా అంతే.

రాత్రిగేమర్:
బ్రో ఎక్కువ ఆలోచించకు, విండోస్ ఫార్మాట్ కొట్టేయ్. కుదరకపోతే విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అని ఒకటి ఉంటుంది, దాన్ని 60 సెకన్లు పెట్టు, క్రాష్ ఆగిపోతుంది.

బోర్డులబాబాయి:
ఆగు తమ్ముడూ, 60 పెడితే క్రాష్ ఆగదు, క్రాష్ అయ్యేముందు నిమిషంసేపు స్క్రీన్ బిగుసుకుని కూర్చుంటుంది. టీడీఆర్ అంటే విండోస్ విస్టా నుంచి ఉన్న కాపలా. గ్రాఫిక్స్ కార్డుకి పని ఇచ్చాక మామూలుగా 2 సెకన్లలో జవాబు రాకపోతే విండోస్ దాన్ని బలవంతంగా రీసెట్ చేస్తుంది, నువ్వు చూసే నల్ల స్క్రీన్ అదే. రీసెట్ కూడా ఫలించకపోతే, లేదా నిమిషంలోపు ఐదుసార్లు దాటితే, నీలం స్క్రీన్. పెద్ద లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లలో ఒక్కో పనికి నిజంగానే 2 సెకన్లు దాటుతుంది, అక్కడ 8, 10 పెట్టుకోవడం తప్పేం కాదు. ఎక్స్‌పోర్ట్ మొదట్లో బాగా నడిచి తర్వాత పడిపోతోందంటే మాత్రం నాకు అనుమానం వేరే.

పెళ్లివీడియో గారూ, డ్రైవర్ పేరు ఎర్రర్‌లో కనబడినంత మాత్రాన తప్పు దానిదే అనుకోకండి. కార్డు జవాబివ్వకపోతే ఆ సంగతి రాసేది డ్రైవర్ పేరు మీదే. జవాబు ఎందుకివ్వలేదన్నది వేడి కావచ్చు, కరెంటు కావచ్చు, కార్డు మెమరీ కావచ్చు, నిజంగా డ్రైవరే కావచ్చు. ముందు ఇవి చూసి చెప్పండి:

ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో కార్డు ఉష్ణోగ్రత ఎంత? చాలా ల్యాప్‌టాప్ కార్డులు 85, 90 డిగ్రీల దగ్గర వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి వేడే కారణమైతే క్రాష్‌కి ముందు ఎక్స్‌పోర్ట్ నత్తనడక నడవాలి.

పాత ఛార్జర్ ఎన్ని వాట్లు, కొత్తది ఎన్ని వాట్లు? రెండిటి మీదా లేబుల్ ఉంటుంది, వోల్టుల్ని ఆంపియర్లతో గుణించండి. పిన్ను పట్టినంత మాత్రాన ఛార్జర్ సరిపోయినట్టు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎక్స్‌పోర్ట్ పెట్టి కింద మూలన బ్యాటరీ గుర్తు మీదే కన్నేసి ఉంచండి. దాని మీద ఛార్జింగ్ గుర్తు ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తోందా? ఈవెంట్ వ్యూయర్‌లో 4101 కి సరిగ్గా ముందు కెర్నల్ పవర్ 105 ఉందా? అది కరెంటు మూలం మారిందని రాసే నంబరు.

హీట్ గన్ జోలికి అస్సలు పోవద్దు. చిప్ కింద నిజంగా పగులుండి, ఆ వేడికి అతుక్కున్నా, కొన్ని వారాలకే అది మళ్లీ వస్తుంది, పక్కనున్న పార్టులు పాడవడం అదనం.

ఐటీసపోర్ట్_పుణె:
బాబాయి గారు చెప్పిందే ముందు చూడండి. డ్రైవర్ సంగతి నేను చెప్తా, మా ఆఫీసులో డిజైన్ వాళ్ల ల్యాప్‌టాప్‌లతో రోజూ ఇదే పని. పాతది తీయకుండా మీద మీద వేసుకుంటూ పోతే వెర్షన్ మార్చినట్టు లెక్క కాదు. డీడీయూ అని, పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ఆనవాళ్లు లేకుండా తుడిచేసే ప్రోగ్రామ్ ఉంటుంది, అది డౌన్‌లోడ్ చేసుకుని, వైఫై ఆపేసి, సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ కనీస డ్రైవర్లతోనే లేచే పద్ధతిలో, పాతది తీసేయండి. వైఫై ఎందుకంటే, మీరు రీస్టార్ట్ అయ్యేలోపే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్ ఒకటి తెచ్చి పెట్టేస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు, ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌లోనే ఇంకో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, చాలా మోడళ్లలో స్క్రీన్ మీదకి బొమ్మ వెళ్లేది దాని గుండానే. ఆ డ్రైవర్ కూడా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కింద ఉన్నదే వేయండి. అది వేశాక పెద్ద కార్డుది.

అర్జెంట్ ఆర్డర్లుంటే ఈలోపు ఎక్స్‌పోర్ట్‌ని కార్డు మీద కాకుండా ప్రాసెసర్ మీద పెట్టుకోండి. నెమ్మదే గానీ బండి నడుస్తుంది, పైగా అప్పుడు క్రాష్ రాకపోతే గొడవ కార్డు వైపో, దానికందే కరెంటు వైపో అని కూడా తేలుతుంది.

పెళ్లివీడియో_తెనాలి:
బాబాయి గారూ, మీరు అన్నట్టే అయింది. పాతది 180 వాట్లు, షాపువాడు ఇచ్చింది 120. ఉష్ణోగ్రత 78 దాటలేదు. గుర్తు చూస్తూ కూర్చుంటే నిజంగానే ఠక్కున పోయి వస్తోంది, ఛార్జర్ పెట్టి ఉండగానే బ్యాటరీ శాతం కూడా తగ్గుతోంది. ఈవెంట్ వ్యూయర్‌లో 105 లు వరసగా, వాటి వెనకాలే 4101. తెలిసినవాళ్ల దగ్గర అదే మోడల్‌కి వచ్చిన 180 వాట్ల ఛార్జర్ అడిగి తెచ్చి పెట్టా, రెండు గంటల పెళ్లి వీడియో మొత్తం ఎక్కడా ఆగకుండా బయటికొచ్చింది. ప్రాసెసర్ చిట్కాతో నిన్నటి ఆర్డర్ కూడా ఇచ్చేశా, పుణె అన్నకి థాంక్స్. కానీ ఇంకో చిన్న గొడవ మిగిలింది. మూత వేసి కాసేపాగి తెరిస్తే అప్పుడప్పుడు స్క్రీన్ నల్లగానే ఉండిపోతోంది. ఇది ఛార్జర్ మార్చకముందు కూడా ఉండేది.

రాత్రిగేమర్:
ఛార్జరా! నా ఫార్మాట్ సలహా వెనక్కి తీసుకుంటున్నా.

బోర్డులబాబాయి:
శుభం. ఛార్జర్ చాలనప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీకి మారుతుంది, లోడు తగ్గగానే మళ్లీ ఛార్జర్‌కి. మారిన ప్రతిసారీ కార్డుకి అందే కరెంటు మారుతుంది. బ్యాటరీ కూడా పాతదైతే ఆ కుదుపుకి కార్డు తట్టుకోలేక ఆగిపోతుంది. కొనేటప్పుడు వాట్లే కాదు, మీ కంపెనీదేనా అనీ చూసుకోండి. కొన్ని మోడళ్లలో పిన్ మధ్యలో సూదిలాంటిది ఉంటుంది, ఛార్జర్ ఎన్ని వాట్లో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే, డూప్లికేట్‌లో అది పనిచేయకపోతే మెషిన్ పూర్తి వేగం అందుకోదు.

మూత తెరిచినప్పటి నలుపు వేరే జబ్బు. వచ్చినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ రీసెట్ అయి బొమ్మ వస్తే అది నిద్రలోంచి లేవడంలో తడబాటే. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ అనే కరెంటు పొదుపు సెట్టింగ్ ఉంటే ఆఫ్ చేసి చూడండి. అయినా వస్తుంటే పుణె ఆయన చెప్పినట్టు రెండు డ్రైవర్లూ శుభ్రంగా వేసి, కంపెనీ సైట్‌లో బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ ఉందేమో చూడండి. బయాస్ వేసేది మాత్రం ఆ 120 వాట్ల దాని మీద కాదు, సరైన ఛార్జర్ వచ్చాకే, బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడే.