హామ్లెట్ నిజంగా మీనమేషాలు లెక్కపెట్టాడా? ప్రార్థన సీన్ దగ్గర ఆగిపోయాను

సందేహి:

అందరికీ నమస్కారం. షేక్స్పియర్ నాటకం హామ్లెట్ రెండోసారి చదువుతున్నాను. మొదటిసారి చదివింది పరీక్ష కోసం. "ఏ నిర్ణయమూ తీసుకోలేకపోవడమే హామ్లెట్ లోపం" అని నోట్సులో ఉంటే అదే దించేసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఎవరూ అడగకుండా నా అంతట నేను చదువుతుంటే మూడో అంకం మూడో రంగం దాటి ముందుకు పోలేకపోతున్నాను.

హామ్లెట్ తండ్రిని చంపి రాజైన బాబాయి క్లాడియస్ ఒంటరిగా ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కన కాపలా లేదు. వెనక హామ్లెట్ చేతిలో కత్తి ఉంది. అంతకు కాసేపటి ముందే నటులతో తన తండ్రి హత్యలాంటి కథ ఆడించాడు, రాజు మధ్యలో లేచిపోవడం కళ్ళారా చూశాడు, బాబాయే తనని చంపాడని చెప్పిన తండ్రి ప్రేతాత్మ మాట మీద వెయ్యి పౌన్లు పందెం కాస్తానని స్నేహితుడు హొరేషియోతో అన్నాడు. ఇంకేం కావాలి? అయినా, ప్రార్థనలో ఉండగా చంపితే వీడు స్వర్గానికి పోతాడు, అది పగ తీర్చుకోవడం కాదు, జీతం ఇచ్చి పంపినట్టు అవుతుంది, కాబట్టి తాగి పడి ఉన్నప్పుడో జూదంలో ఉన్నప్పుడో చంపుతాను అనుకుని కత్తి ఒరలో పెట్టుకుని వెళ్ళిపోతాడు.

నా ప్రశ్న ఇదే. అది నిజమైన కారణమా, చంపడానికి చెయ్యి రాక వెతుక్కున్న సాకా? సాకే అయితే నా పాత నోట్సు కరెక్టే. నిజమైన కారణమైతే మాత్రం నాకు భయంగా ఉంది, ఎందుకంటే మనిషిని చంపడం చాలక చచ్చాక కూడా నరకంలో పడాలని కోరుకునేవాణ్ణి నేను ఇన్నాళ్ళూ మెత్తని మనసున్నవాడని ఇష్టపడ్డాను. ఇంకో విషయం, ఆ ఒక్క నిమిషంలో పొడిచేసి ఉంటే రాజు సలహాదారు పొలోనియస్, అతని కూతురు ఒఫీలియా, కొడుకు లేర్టీజ్, హామ్లెట్ పాత స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్, తల్లి గెర్ట్రూడ్, చివరికి హామ్లెట్, మొత్తం ఏడుగురు బతికేవాళ్ళు. ఈ లెక్క నా బుర్రలోంచి పోవడం లేదు.

పాతపుస్తకం:

సందేహి గారూ, మీ భయం మీ ఒక్కరిదే కాదండీ. 18వ శతాబ్దంలో షేక్స్పియర్ నాటకాలకు సంపాదకత్వం వహించిన శామ్యూల్ జాన్సన్, ఆ మాటలు చదవడానికీ పైకి పలకడానికీ వీల్లేనంత ఘోరంగా ఉన్నాయన్నాడు. అంటే ఆయన వాటిని ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నాడు. సాకు అనే వాదన బలపడింది ఆ తర్వాత, 19వ శతాబ్దం మొదట్లో కోల్‌రిడ్జ్, హాజ్లిట్ లాంటి విమర్శకుల కాలంలో. మీ నోట్సులో ఉన్నది అక్కణ్ణుంచి నడిచొచ్చిన అభిప్రాయమే. అది నాటకం పుట్టిన నాటి నుంచీ ఉన్న తీర్పు కాదు.

నేనైతే సాకు అనుకోను. మొదటి అంకంలో తండ్రి ప్రేతాత్మ ఏమని ఏడుస్తుందో మళ్ళీ చూడండి. నన్ను చంపాడని మాత్రమే కాదు, పాపాలు ఒప్పుకునే వ్యవధి ఇవ్వకుండా, చివరి సంస్కారాలు ఏవీ జరగకుండా, నిద్రలో ఉండగా చంపాడని ఏడుస్తుంది. అందుకే ఇప్పుడు మంటల్లో కాలుతున్నానని చెబుతుంది. ఆ మాటలు విన్న కొడుక్కి ప్రార్థన చేస్తున్న క్లాడియస్ కనిపిస్తే ఇంకేం గుర్తొస్తుంది? మా నాన్నకు దొరకనిది వీడికి దొరుకుతోందే అని. ఆ లెక్క క్రూరమైనదే, కానీ లెక్క మాత్రం సరిపోయింది. నా ఉద్దేశంలో అక్కడ హామ్లెట్‌కి నిర్ణయం లేక కాదు, అతను తీసుకున్న నిర్ణయం మనిషి చేతిలో ఉండాల్సిన దానికంటే పెద్దదైపోయింది. ప్రాణం తీయడం వరకే అతని చేతిలో ఉంది, ఆత్మ ఎక్కడికి పోవాలో కూడా తనే తేల్చాలనుకున్నాడు.

ప్రేతాత్మ మాట విన్నాక ఈ సీన్ దాకా గడిచిన రెండు నెలల సంగతి వేరు, దాని గురించి కూడా చెప్పాలి. ఈ కథకి మూలం డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన ఆమ్లెత్ కథ. అందులో బాబాయి చేసిన హత్య బహిరంగ రహస్యం కూడా కాదు, అందరికీ తెలిసిందే. కుర్రాడు పిచ్చివాడిలా నటించేది ప్రాణం కాపాడుకోవడానికి. షేక్స్పియర్ దాన్ని తిరగేశాడు. చెవిలో విషం పోసిన సంగతి చంపినవాడికి తప్ప ఎవరికీ తెలియదు, చెప్పింది ఒక ప్రేతాత్మ, అదీ కొడుక్కి ఒక్కడికే. ఈ ఒక్క మార్పుతో పగ కథ కాస్తా "నమ్మాలా వద్దా" కథ అయిపోయింది. పైగా హామ్లెట్ చదివింది విట్టెన్‌బర్గ్‌లో, అది ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ ఊరు. ఆ ప్రేతాత్మ చెప్పే పాపాలు కాల్చే మధ్యలోకం అనేదే లేదని ప్రొటెస్టెంట్ల నమ్మకం. అలాంటి చోట చదువుకున్నవాడు "ఇది దయ్యం వేసిన వేషమేమో, నా దిగులు చూసి నన్ను నరకానికి లాగుతోందేమో" అని రెండో అంకం చివర అనుకున్నాడంటే అది పిరికితనం కాదు. సాక్ష్యం లేకుండా రాజుని పొడిచేవాణ్ణి మనం మెచ్చుకుంటామా చెప్పండి.

తెరవెనుక:

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఈ నాటకంలో క్లాడియస్ వేశాను, ఆ అనుభవం నుంచే చెబుతున్నా. మోకాళ్ళ మీద కూర్చుని ఉంటాం, వెనక హామ్లెట్ వేసినవాడు కత్తి ఎత్తి మాట్లాడుతుంటాడు, ఆ మాటలు మనకి వినబడుతున్నా వినబడనట్టు ఉండాలి. రిహార్సల్స్‌లో ప్రతిసారీ వీపు మీద చల్లగా ఏదో పాకినట్టు ఉండేది. కానీ నన్ను నిజంగా కుదిపేసింది అతను వెళ్ళిపోయాక నేను చెప్పాల్సిన రెండు లైన్లు. నా మాటలు పైకి పోతున్నాయి, మనసు మాత్రం కిందే ఉండిపోయింది, మనసు లేని మాట స్వర్గం చేరదు అంటాడు క్లాడియస్. అంటే ప్రార్థన కుదరనే లేదు! కిరీటం, రాణి, అన్నీ ఉంచుకుని క్షమాపణ ఎలా అడగను అని ముందే అనుకున్నాడు కదా, చివరికి అదే అయింది. హామ్లెట్ అప్పుడు పొడిచి ఉంటే తను కోరుకున్నట్టే జరిగేది.

ఇది ప్రేక్షకులకు తెలుసు, హామ్లెట్‌కి తెలియదు. ఇంకోటి కూడా గమనించండి, క్లాడియస్ నోటితో "నేనే చంపాను" అని ఒప్పుకున్నది విన్నది మనమే. హామ్లెట్ ఒక్కసారి కూడా వినలేదు. అతను అనుమానిస్తున్నాడని మనం విసుక్కునేది మన దగ్గర ఉన్న సాక్ష్యం చూసుకుని, అతని దగ్గర ఉన్నది చూసి కాదు. నాటకంలో నాటకం గొప్ప రుజువు అంటారు గానీ అదీ తేడాగానే ఉంటుంది. అందులో విషం పోసే పాత్ర రాజుకి తమ్ముడు కాదు, అన్న కొడుకు వరస. హామ్లెట్ స్వయంగా ఆ మాట సభలో అందరికీ వినిపించేలా చెబుతాడు. మరి సభలో కూర్చున్నవాళ్ళకి ఏం కనబడింది? రాజుని అతని అన్న కొడుకు చంపబోతున్నాడని! ఎవరైనా లేచిపోతారు. మా డైరెక్టర్ నన్ను ఆ సీన్‌లో భయంతో లేవమన్నారు, నేరం బయటపడిందన్న భయమా, నన్ను చంపుతాడన్న భయమా అని అడిగితే రెండూ అన్నారు. అప్పుడు చిరాకేసింది, ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పిందే సరైనది అనిపిస్తోంది.

కరాఖండి:

మీరిద్దరూ హామ్లెట్‌కి వకీళ్ళలా మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. తాత్సారం లేదంటే ఎలా? మనం అనడం కాదు, అతనే అంటున్నాడు. ఒక నటుడు ఎప్పుడో చచ్చిపోయిన ట్రాయ్ రాణి హెక్యూబా కోసం కన్నీళ్ళు పెట్టుకుంటే, నాకు ఇంత కారణం ఉండీ ఏమీ చేయలేకపోతున్నాను, నేను నీచుణ్ణి, పిరికివాణ్ణా అని తనని తాను తిట్టుకుంటాడు. మూడో అంకంలో తల్లి గదిలోకి ప్రేతాత్మ మళ్ళీ వస్తుంది. ఎందుకు వచ్చానంటుంది? మొద్దుబారిపోయిన నీ సంకల్పానికి పదును పెట్టడానికి వచ్చానంటుంది. చచ్చిన తండ్రి లేచి వచ్చి రెండోసారి గుర్తుచేయాల్సి వచ్చిందంటే దాన్ని తాత్సారం అనక ఏమంటారు?

లేర్టీజ్‌ని చూడండి. తండ్రి పొలోనియస్ పోయాడని తెలియగానే జనాన్ని వెంటేసుకుని రాజు తలుపులు బద్దలు కొట్టుకుని వస్తాడు. హామ్లెట్‌ని ఏం చేస్తావంటే చర్చిలోనైనా సరే గొంతు కోస్తానంటాడు. చర్చిలో! హామ్లెట్ ఆగింది సరిగ్గా ప్రార్థన దగ్గరే. షేక్స్పియర్ ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టింది ఊరికే కాదు.

పాతపుస్తకం:

పెట్టాడు కరాఖండి గారూ, కానీ ఆ వేగం లేర్టీజ్‌ని ఎక్కడికి తీసుకెళ్ళింది? ఒక్క పూటలో క్లాడియస్ చేతిలో కీలుబొమ్మ అయ్యాడు. కత్తికి విషం పూసి, ఆ విషానికే చచ్చాడు. చర్చిలో గొంతు కోస్తానన్న మాటకి "పగకి హద్దులు ఉండకూడదు" అని మెచ్చుకున్నది ఎవరు? హంతకుడే కదా.

అలాగే హామ్లెట్‌కి చెయ్యి ఆడదు అనడం కూడా కుదరదు. ప్రార్థన సీన్ అయిన వెంటనే, అదే రాత్రి, తల్లి గదిలో తెర వెనక చప్పుడైతే ఎవరో కూడా చూడకుండా పొడిచేశాడు, చచ్చింది పొలోనియస్. అది రాజే అనుకున్నాడు కూడా. ఓడలో స్నేహితుల సంచిలో ఉత్తరం మార్చి వాళ్ళని చావుకి పంపాడు, దానికి నిద్ర కూడా పాడు చేసుకోలేదు. సముద్రపు దొంగల ఓడ మీదకి అందరికంటే ముందు దూకాడు. ఈ మనిషి ఆలోచిస్తే ఆగిపోతాడు, ఆలోచించకపోతే తప్పు మనిషిని చంపుతాడు. నాకు ఇందులో బాధ కలిగించేది ఆ రెండోదే.

సందేహి:

ఇవన్నీ చదివి రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదే నా టెన్షన్. కరాఖండి గారి వైపు ఇంకో సాక్ష్యం దొరికింది. నాలుగో అంకం నాలుగో రంగంలో నార్వే రాజకుమారుడు ఫోర్టిన్‌బ్రాస్ సైన్యం ఎందుకూ పనికిరాని చిన్న నేల ముక్క కోసం పోలండ్ మీదకి పోతుంటే చూసి, వీళ్ళు ఒక గడ్డిపోచ కోసం చావడానికి వెళుతున్నారు, నాకు కారణం, కోరిక, బలం, దారి అన్నీ ఉండి కూడా ఈ పని ఎందుకు చేయలేదో నాకే తెలియదు అంటాడు. ఎందుకో నాకే తెలియదు! అతనికే తెలియకపోతే సాకు అని గానీ కారణం అని గానీ మనం ఎలా తేల్చేది?

నీలిసిరా:

సందేహి గారూ, మీరు ఎత్తి చూపిన ఆ స్వగతం గురించి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే ఈ వాదనలో సగం దాని మీదే నిలబడి ఉంది. అది అన్ని ప్రతుల్లోనూ లేదు. ఈ నాటకం మనకి మూడు రూపాల్లో దొరికింది. 1603లో అచ్చయిన పొట్టి ప్రతి, 1604-05 నాటి పొడుగు ప్రతి, షేక్స్పియర్ పోయాక 1623లో ఆయన నాటకాలన్నీ కలిపి వేసిన పెద్ద సంపుటం ఫోలియో. మీరు చెప్పిన స్వగతం ఆ రెండో దాంట్లోనే ఉంది. ఫోలియోలో ఫోర్టిన్‌బ్రాస్ వచ్చి వెళతాడు, అంతే, హామ్లెట్ అక్కడ ఉండడు. ఎవరు ఎందుకు తీసేశారన్న దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. కానీ ఆ స్వగతం లేకుండా చదివి చూడండి, హామ్లెట్ నాలుగో అంకంలో తనని తాను తిట్టుకోవడం మానేసిన మనిషిలా కనిపిస్తాడు. ఉంచి చదివితే, రుజువు చేతికొచ్చాక కూడా తనేంటో తనకి అర్థం కాని మనిషి. నాకు రెండో హామ్లెటే కావాలి, అందుకే ఆ స్వగతం కోసేసిన ప్రదర్శనలంటే మనసుకి ఎక్కవు.

ఇంకోటి, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. హెక్యూబా గురించి చెప్పే ఆ నటుడి మాటల్లోనే పిర్రస్ ఉన్నాడు, తండ్రి అకిలిస్ చావుకి పగ తీర్చుకోవడానికి వచ్చినవాడు. ముసలి రాజు ప్రియామ్ మీద ఎత్తిన కత్తి ఒక్క క్షణం గాల్లో అలాగే ఆగిపోతుంది, బొమ్మలో మనిషిలా ఏమీ చేయకుండా నిలబడిపోతాడు. తర్వాత కత్తి దిగుతుంది. ఎంత ఘోరంగా దిగుతుందంటే, భార్య కళ్ళ ముందే ముక్కలు చేస్తాడు. హామ్లెట్ ఏరికోరి అడిగి మరీ చెప్పించుకున్న ఘట్టం అది. ప్రార్థన సీన్‌లో అతని చెయ్యి గాల్లో ఆగినప్పుడు నాకు ప్రతిసారీ పిర్రస్ గుర్తొస్తాడు.

తెరవెనుక:

పిర్రస్ సంగతి నేను ఎప్పుడూ పట్టించుకోలేదు నీలిసిరా గారూ, మా ప్రదర్శనలో నిడివి తగ్గించడానికి ఆ భాగం మొత్తం కోసేశారు. పూర్తి పాఠం ఆడితే నాలుగు గంటలు దాటుతుంది మరి. ఇప్పుడు తెలిసొస్తోంది ఏం పోగొట్టుకున్నామో.

సందేహి:

అందరికీ థాంక్స్. నిన్న చివరి రంగం వరకు చదివేశాను. నీలిసిరా గారు అన్నట్టు కత్తి మీదే కన్ను పెట్టి చదివితే నాకు ఒకటి కనిపించింది, సరిగ్గా చదివానో లేదో మీరే చెప్పాలి. చివరికి క్లాడియస్‌ని చంపేటప్పుడు హామ్లెట్ తండ్రి పేరు ఎత్తడు. విషపు కత్తితో పొడిచి, తల్లి తాగిన గిన్నెలో మిగిలిన విషం నోట్లో పోసి, మా అమ్మ వెనకాలే పో అంటాడు. ప్రేతాత్మ కూడా రాదు, చూడడానికైనా. నాటకమంతా "నన్ను గుర్తుపెట్టుకో" అన్న తండ్రి మాట మోసుకుని తిరిగినవాడు, ఆ పని జరిగే క్షణంలో అప్పుడే కళ్ళ ముందు పడిపోయిన తల్లిని తప్ప ఎవర్నీ తలుచుకోలేదు. ప్రార్థన సీన్‌లో వేసిన స్వర్గం నరకం లెక్క కూడా ఇక్కడ లేదు, అసలు లెక్కపెట్టుకునే టైమే లేదు, ఆ విషం అప్పటికే తన ఒంట్లో కూడా ఎక్కుతోంది.

కరాఖండి:

సరిగ్గానే చదివారు. ఆ "మా అమ్మ వెనకాలే పో" అన్నది నేను ఇన్నేళ్ళూ తిట్టుగానే చదివాను. ఇవాళ మళ్ళీ చదవాలి.