ఈ వారం సమస్య: గడియారములోన వీధి కదలక నడిచెన్

నిర్వాహకుడు: గృహప్రవేశానికి మా బావమరిది గోడగడియారం తెచ్చాడు. అంకెల్లేవు. గుండ్రటి చెక్క మీద హన్మకొండ, వరంగల్, కాజీపేట వీధులన్నీ సన్నగా చెక్కి ఉన్నాయి. టైమెంతైందని చూస్తే హంటర్ రోడ్డు కనిపిస్తోంది! పాదం అలా పుట్టింది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. ఇక కానివ్వండి.

సుబేదారి పంతులు:
గుడిదరి పన్నెండాయెను
వడిముల్లది కాజిపేట వాకిలి చేరెన్
నడకంతయు ముల్లుదె, మన
గడియారములోన వీధి కదలక నడిచెన్

పరకాల మాస్టారు: మూడో పాదం బాగుంది, కాదనను. కానీ జగణం (లఘువు, గురువు, లఘువు) కోసం కాజీపేట దీర్ఘం కోసేశారేంటి సార్? రైల్వేవాళ్లు బోర్డు మార్చుకోవాలా? ఇంకోటి. వేయిస్తంభాల గుడి పన్నెండు దగ్గరుంటే పడమటి కాజీపేట తొమ్మిది దగ్గర. ముల్లు ఎడమకు తిరగదాయె. వరంగల్ కోటదాకా పోయి, ఊరంతా చుట్టి ముప్పావుగంటకు చేరిందన్నమాట. అది వడిముల్లా?

సుబేదారి పంతులు: సిటీబస్సెక్కి చూడండి, తెలుస్తుంది. మీ పూరణమేది?

పరకాల మాస్టారు:
నడుమన శివుడుండగ నలు
గడలను దోరణము లన్ని గంటలు గాగన్
పడమర తూరుపు కలుపుచు
గడియారములోన వీధి కదలక నడిచెన్

మట్టెవాడ అక్క: అబ్బ! గోడమీది మ్యాపు వదిలేసి కోటనే గడియారం చేశారు. నడుమ స్వయంభూ గుడి, నాలుగు దిక్కులా కీర్తితోరణాలనే రాతి ద్వారాలు: పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. రాతికోట కూడా గుండ్రమే కదా. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమ పూర్తిచేసిన గడియారం!

సుబేదారి పంతులు: అంతా సరే, ముల్లేది? "దోరణము", "గాగన్" అని త, కలను ద, గలుగా మార్చే ఆదేశాలు మాత్రం తు.చ. తప్పలేదు. మరి సమస్యలో "వీధి గదలక" ఎందుకు లేదో నిర్వాహకులవారిని అడగరేం?

నిర్వాహకుడు: బహుళం, అంటే ఆ మార్పు రావచ్చు, రాకపోవచ్చు. నన్ను లాగకండి.

పరకాల మాస్టారు: తోరణం నీడే ముల్లు. పొద్దున వెళ్లి చూడండి. అయినా రామప్ప సమస్యకు "మునిగె నిటుక" అని రాసిన చెయ్యి ఇది. నీళ్లలో వేస్తే తేలే ఇటుక, 1213 నాటి గుడిది. దాన్ని ముంచిన ఘనత తమరిదే.

సుబేదారి పంతులు: అది విరోధాభాస, పైకి మాత్రమే విరుద్ధంగా కనిపించే అలంకారం! అప్పుడు అక్క కూడా మెచ్చుకుంది.

మట్టెవాడ అక్క: నేను మెచ్చింది రెండో పాదం పంతులుగారూ. ఇటుక మూడో పాదంలో ఉంది.