39 శాతం ఓట్లకు 11 సీట్లేనా? దామాషా పద్ధతి పెడితే నష్టమేమిటి?

ప్రశ్న – గ్రూప్-2 అభ్యర్థి, తిరుపతి:
2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వస్తే దక్కినవి 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకి కూడా 39 శాతమే, సీట్లు 11. మొత్తం 175. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా పద్ధతి ఉంటే ఈ అన్యాయం ఉండదు కదా? నష్టాలు రాయమంటే మాత్రం 'అస్థిర ప్రభుత్వాలు' దగ్గరే నా కలం ఆగిపోతోంది.

విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు:
నాయనా, అస్థిరత ఒక్కటే రాస్తే సగం మార్కులే వస్తాయి. ఇజ్రాయెల్‌లో 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబరు లోపల ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి, అది ఎలాగూ రాస్తావు. పొత్తు బేరం ఎప్పుడు కుదురుతుందో చూడు, అసలు సంగతి అక్కడుంది.

2024లో మీ ఊళ్లో అసెంబ్లీ సీటు జనసేనకు, లోక్‌సభ సీటు బీజేపీకి ఇచ్చారు. తిరుపతిలో ఉండే మా తోడల్లుడు పుట్టు సైకిలు మనిషి. రెండు ఈవీఎంల మీదా సైకిలు లేదని వారం పాటు సణిగి, చివరికి ఒకదాని మీద గాజు గ్లాసు, ఇంకోదాని మీద కమలం నొక్కి వచ్చాడు. సణిగితే సణిగాడు గానీ, ఎవరితో ఎవరు కలిశారో తెలిసే నొక్కాడు. ఆ కలయిక నచ్చనివాళ్లు మానుకునే వీలూ ఉంది.

దామాషాలో సాధారణంగా ఎవరి గుర్తు మీద వాళ్లు పోటీ చేస్తారు, బేరం ఓట్ల లెక్కింపు అయ్యాక మొదలవుతుంది. న్యూజిలాండ్‌లో 2017లో 120 సీట్లకు నేషనల్ పార్టీకి 56, లేబర్‌కు 46, దానికి తోడు నిలిచిన గ్రీన్ పార్టీకి 8 వచ్చాయి. తొమ్మిది సీట్ల న్యూజిలాండ్ ఫస్ట్ ఎటు మొగ్గితే అటు ప్రభుత్వం. దాని నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ లేబర్ వైపు మొగ్గి ఉపప్రధాని అయ్యారు. ఆ పార్టీకి వచ్చినవి 7 శాతం ఓట్లు. వేసినవాళ్లకైనా తమ ఓటు ఏ ప్రధానిని నిలబెడుతుందో పోలింగు నాడు తెలియదు.

బట్టల వ్యాపారి, తిరుపతి:
మాస్టారూ, చిన్న పార్టీల పెత్తనం మన దగ్గర మాత్రం లేదా? 1999లో అన్నాడీఎంకే మద్దతు తీసేశాక వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఇంకో మాట. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లు వచ్చినా 294లో 18 సీట్లే. చిరంజీవి ఇక్కడ గెలిచారు గనుక నా ఓటు పండింది, మిగతా చోట్ల వేసినవాళ్లది బూడిదలో పోసిన పన్నీరే. నలభైకి పైగా సీట్లుంటే 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసేవారా?

విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు:
పెత్తనం ఇక్కడా ఉంది, కాదనను. దామాషాలో అది అప్పుడప్పుడు వచ్చేది కాదు, దాదాపు ప్రతి ఎన్నికకూ వస్తుంది. మీ లెక్కే తీసుకోండి. ఓట్ల శాతం ప్రకారమైతే ఆనాడు కాంగ్రెస్‌కు 156 కాదు, 107 దగ్గర ఆగేది. అప్పుడు ప్రజారాజ్యం ఎటు వెళ్లిందో మీరు టీవీలో చూసి తెలుసుకునేవారు. 2011 దాకా ఆగే అవసరమూ ఉండేది కాదేమో!

గృహిణి, రేణిగుంట:
2021 నవంబరు వరదల్లో ఎవరికి ఫోను చేయాలో మా వీధిలో చిన్నపిల్లలకూ తెలుసు. దామాషాలో నియోజకవర్గమంటూ లేకుండా పార్టీ జాబితా నుంచి వచ్చిన సభ్యుడైతే మాకు ఏమవుతాడు?

గ్రూప్-2 అభ్యర్థి, తిరుపతి:
ఇంత శాతం రాకపోతే సీటు లేదని కనీస హద్దు పెడితే సరిపోదా సార్? 2024 లెక్క కూడా వేశాను. తెలుగుదేశం 45.6 శాతానికి 80 సీట్లు, మెజారిటీకి 88 కావాలి. జనసేన 6.86 శాతానికి 12. రెండూ కలిస్తే 92.

విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు:
హద్దు పెట్టినా నీ మొదటి ఫిర్యాదు మళ్లీ వస్తుంది. జర్మనీలో హద్దు 5 శాతం. 2025 ఫిబ్రవరిలో బీఎస్‌డబ్ల్యూ అనే పార్టీ 4.98 దగ్గర ఆగి ఒక్క సీటూ లేకుండా బయటే నిలిచింది. రేణిగుంట అమ్మగారి ప్రశ్నకు జర్మనీవాళ్లు చేసిన ఏర్పాటు నియోజకవర్గ సభ్యులనూ జాబితానూ కలపడం, అదీ చదువు. నీ 80, 12 లెక్క మాత్రం జవాబుపత్రంలో రాయకు. జనసేన పోటీ చేసింది 21 చోట్లే. దామాషా ఉంటే 175 చోట్లా ఓట్లు అడిగేది, ఆ శాతాలేవీ అలా ఉండవు.